ఆయాసం తగ్గింది.. మళ్లీ వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. ఈమధ్య ఓ అర్ధరాత్రి ఉన్నట్టుండి ఆయాసం వచ్చి, పడుకోలేక లేచి కూర్చున్నారు. ఎమర్జెన్సీలో మాస్కు బిగించి బైప్యాప్ (ఒత్తిడితో గాలి పంపే మిషన్) పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఐదో రోజు ఇంటికి పంపారు. ఇప్పుడు బాగానే ఉన్నారు. మళ్లీ ఇలా అవుతుందా? ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకోవాలా?

సలహా: మళ్లీ వచ్చే అవకాశం ఉంది. కానీ చాలావరకు ముందే పసిగట్టొచ్చు. ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు ఎలా కోలుకుంటారన్నది కారణాన్ని బట్టి ఉంటుంది. ఆస్తమా అయితే నెబ్యులైజర్, స్టెరాయిడ్లతో చాలామంది త్వరగానే తేరుకుంటారు. మీ నాన్నగారిది గుండె వైఫల్యం. నీరు తీసేశారు, గుండె బలహీనత మాత్రం ఇంకా ఉంది. అందుకే డిశ్చార్జి అయ్యాక మొదటి రెండు మూడు నెలలు కీలకం. తిరిగి ఆసుపత్రిలో చేరడం, ప్రాణాల మీదికి రావడం ఈ సమయంలోనే ఎక్కువ.

ఇంటికొచ్చాక ఇంకా డాక్టర్‌కు చూపించకపోతే ఈ వారమే వెళ్లండి. డిశ్చార్జి సమ్మరీ, ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు తీసుకెళ్లండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్షలు చేయించాలి. నీరు ఎందుకు చేరిందో కూడా గట్టిగా అడగండి: గుండెపోటా, గుండె లయ తప్పడమా, బీపీ మాత్రలు మానేయడమా? ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఎడమ గదిలోని రక్తంలో కొట్టుకున్న ప్రతిసారీ బయటికి వెళ్లే శాతం) 40 శాతం, అంతకంటే తక్కువ ఉంటే ఆయుష్షు పెంచే మందులు నాలుగు రకాలున్నాయి. ‘బాగానే ఉన్నానుగా’ అని వాటిని మధ్యలో ఆపేసేవాళ్లే ఎక్కువగా తిరిగొస్తుంటారు.

బరువు చూసే మిషన్ ఒకటి కొనండి. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసి రాసిపెట్టండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగిందంటే అది ఒంట్లో చేరుతున్న నీరే కావచ్చు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఒక్క దిండుతో పడుకునే మనిషి రెండో దిండు అడిగినా, కాళ్లు వాచినా అంతే. ఉప్పు తగ్గించండి. మోకాళ్ల నొప్పులంటూ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోనివ్వొద్దు, అవి నీటిని నిలబెట్టేస్తాయి.

ఇక సిలిండర్. కదలకుండా కూర్చున్నప్పుడు ఆక్సిజన్ శాతం మామూలుగా ఉంటే దాని అవసరం లేదు. ‘ఇంట్లో ఉందిలే’ అన్న ధీమాతో ఆసుపత్రికి ఆలస్యం చేస్తారేమోనని నా టెన్షన్. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, ఛాతీలో నొప్పి వచ్చినా, దగ్గితే గులాబీ రంగు నురగ పడినా వెంటనే అంబులెన్స్ పిలవండి. పడుకోబెట్టకండి, కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టే తీసుకెళ్లండి.