డ్రోన్ ఎగరేసే ముందు వాతావరణ పటంపై ఏం రాసుకోవాలి?

ప్రశ్న: పత్తి, మిర్చి చేలకు డ్రోన్‌తో మందు కొడుతుంటాను. వాతావరణ పటాన్ని ప్రింటు తీసుకుంటే దానిపై ఏయే గుర్తులు పెట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: మొదట సమయం రాసుకోండి. పటాల మీద సాధారణంగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది కాబట్టి మన సమయం కోసం దానికి 5.30 గంటలు కలపాలి. 00 అంటే మనకు ఉదయం 5.30. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

తర్వాత గాలి. పటంలో దాన్ని ఈకలున్న పుల్ల గుర్తుతో చూపిస్తారు. పుల్లకు ఈకలున్న కొస ఏ దిక్కున ఉంటే గాలి ఆ దిక్కు నుంచి వీస్తున్నట్టు. ఈకలు గాలి వేగాన్ని నాట్ (knot) అనే కొలతలో చెబుతాయి: సగం ఈక 5 నాట్లు, పూర్తి ఈక 10, త్రికోణం 50. నర్సంపేట దగ్గర వాయవ్యం వైపు ఒకటిన్నర ఈక కనిపిస్తే అది 15 నాట్లు, అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. ఆ గాలిలో మందు కొట్టకూడదు. వాయవ్య గాలి తక్కువగా ఉన్న రోజు కూడా మందు కొట్టుకుపోయేది ఆగ్నేయానికే కాబట్టి అటువైపు పెన్సిల్‌తో బాణం గీసి, అటు చేపల చెరువు ఉందో, తేనెపెట్టెలున్నాయో తప్పక రాయండి. పటంలోని ఉపరితల గాలి 10 మీటర్ల ఎత్తుది. సర్వే కోసం పైకి వెళ్లే డ్రోన్‌కు గాలి సాధారణంగా ఇంకా గట్టిగా తగులుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో విదర్భ నుంచి తెలంగాణ మీదుగా ద్రోణి (పొడవుగా సాగిన అల్పపీడన ప్రాంతం) ఉంటే ఆ గీతను దిద్దుకుని, క్యుములోనింబస్ మేఘాలు (ఉరుములు, మెరుపులు తెచ్చే ఎత్తైన మేఘాలు) ఉన్న చోటును విమానయాన పటాల్లో మాదిరిగా అలల అంచుతో చుట్టండి. వాన పడకముందే, మేఘానికి చాలా దూరంలోనే ఈదురుగాలి రావచ్చు. ఒక్క మండలానికి పటం చాలదు. హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఇచ్చే తక్షణ హెచ్చరికలను ఎగరేసే ముందు మళ్లీ చూడండి.