పార్సిల్ అబ్బాయిని గుమ్మం బయటే ఆపితే మర్యాద తక్కువైనట్టా?

మీరు అడిగింది ఇది: పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారు, పార్సిల్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి నీళ్లడిగితే ఇచ్చారు, బాత్రూమ్ వాడుకుంటానంటే కాదన్నారు, అప్పటి నుంచి మనసులో అదోలా ఉంది. పార్సిల్ తెచ్చేవాళ్లు హాల్లోకి వచ్చేస్తున్నారు, పైగా ఎదురింటివాళ్ల పార్సిళ్లన్నీ మీ దగ్గరే పెట్టిపోతున్నారు. గీత ఎక్కడ గీయాలి అని.

బాత్రూమ్‌కి కాదనడంలో మీ తప్పేమీ లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కొత్త మనిషిని లోపలికి రానివ్వకూడదు, అంతే. అలాగని ఆ అబ్బాయిదీ తప్పు కాదు. పొద్దున్న ఎనిమిదింటికి బండెక్కినవాడు రాత్రి దాకా ఎక్కడికి వెళ్తాడు? ఆ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే దానికి మా దగ్గర ఒక దారి దొరికింది.

మేం ఉండేది నిజాంపేటలో, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల బాబు, అత్తయ్య. 2020 నుంచి నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి మా ఫ్లోర్‌లో నాలుగు ఫ్లాట్లకీ పార్సిల్ ఆఫీసు నేనే. మీ తలనొప్పి నాకు బాగా తెలుసు.

అత్తయ్యది తెనాలి దగ్గర పల్లె. ఆవిడ చెప్పేవారు, పోస్ట్‌మ్యాన్ వస్తే అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మనియార్డర్ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లేవాడట. ఇరవై ఏళ్లు వచ్చినా ఇంట్లోకి అడుగు పెట్టలేదు. రమ్మని వీళ్లూ అనలేదు, ఎందుకు రమ్మనలేదని అతనూ అనుకోలేదు. అరుగు ఉంది కదా. మన ఫ్లాట్లలో తలుపు తీస్తే నేరుగా హాలు. సోఫా మీద మడతపెట్టని బట్టలు, ఎదురుగా బెడ్‌రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంటుంది. వచ్చినవాడికి ఎటు చూడాలో తెలియదు, మనకి ఎలా నిలబడాలో తెలియదు. సంతకం పెట్టడానికి చోటు లేక అతను ఒకడుగు లోపలికి వేస్తాడు, మనం ఒకడుగు వెనక్కి వేస్తాం. మీరు చెప్పిన "హాల్లోకి వచ్చేస్తున్నారు" చాలాసార్లు ఇదే. దురుద్దేశం ఏమీ ఉండదు, బరువు దించుకోవడానికి చోటు కావాలి, అంతే.

అందుకని మేం తలుపు బయట చెప్పుల స్టాండ్ పక్కన ఒక మడత స్టూలు వేశాం. కారిడార్‌లో సామాన్లు పెట్టకూడదని సెక్రటరీ గారు గొణిగారు గానీ, రాత్రి లోపల పెట్టేస్తామని ఒప్పించాం. పార్సిల్ దాని మీద పెడతాడు, ఫొటో తీసుకుంటాడు, ఓటీపీ అడుగుతాడు. నేను గ్రిల్ తలుపు వేసి ఉంచి, చెక్క తలుపు మాత్రం తీసి మాట్లాడతాను. ఆ స్టూలు వచ్చాక లోపలికి అడుగు పెట్టినవాళ్లు దాదాపు లేరు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

నీళ్ల విషయంలో మాత్రం నాకు ఒక చెడ్డ జ్ఞాపకం ఉంది. 2022 మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. లిఫ్ట్ పనిచేయడం లేదు. ఒకబ్బాయి పది కిలోల బియ్యం బస్తా మూడంతస్తులు మోసుకొచ్చి, "అక్కా, జర నీళ్లియ్యరా" అన్నాడు. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను, అత్తయ్యకి సైగ చేశాను. ఆవిడ పనమ్మాయికని విడిగా పెట్టిన గ్లాసులో తెచ్చారు. అంచు దగ్గర సొట్టపోయిన స్టీలు గ్లాసు. అతను దాన్ని ఒకసారి చూశాడు. తల వెనక్కి వంచి, పెదవికి తగలకుండా ఎత్తి పోసుకున్నాడు. సగం నీళ్లు గడ్డం మీదుగా టీషర్ట్ మీదకి కారిపోయాయి. తాగాక గ్లాసు నేను చాచిన చేతికి ఇవ్వలేదు. వంగి, చెప్పుల స్టాండ్ పక్కన నేల మీద పెట్టి, "థాంక్స్ అక్కా" అని మెట్లు దిగిపోయాడు. ఎక్కడ పెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో చిన్న గొడవే అయింది. "నేనేమైనా కులం అడిగి ఇచ్చానా? చేతికి అందింది ఇచ్చాను" అన్నారు అత్తయ్య. అయ్యుండొచ్చు. కానీ ఆ గ్లాసు విడిగా ఎందుకుందో మా ఇద్దరికీ తెలుసు. పనమ్మాయికి అందులోనే టీ పోస్తూ అన్నాళ్లూ నేనూ ఏమీ అనలేదు కదా. రెండు నెలల తర్వాత ఆ గ్లాసు కనిపించకపోతే అడిగాను. పాత సామాన్ల వాడికి వేసేశానన్నారు. ఇప్పుడు ఎవరడిగినా మేం తాగే గ్లాసుల్లోనే ఇస్తాం. ఎండాకాలంలో అర లీటరు సీసాలు కొన్ని నింపి ఫ్రిజ్‌లో పెడతాను, బండి మీద తాగడానికి ఉంటుందని ఇచ్చేస్తాను. "ఇది కూడా గ్లాసు తప్పించుకునే ఉపాయమే కదా" అని మా ఆయన ఎద్దేవా చేస్తారు. ఏదడిగితే అది ఇస్తాను బాబూ అని చెప్పి ఊరుకున్నాను.

లోపలికి రాక తప్పని వాళ్లు కొందరుంటారు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ తెచ్చేవాళ్లు, గ్యాస్ అబ్బాయి. వాషింగ్ మెషీన్ లాంటివి ఇంకో పెద్ద మనిషి ఉండే రోజుకే పెట్టించుకోండి, డేట్ మార్చుకునే వీలు ఉంటుంది. గ్యాస్ అబ్బాయితో మాకు చెప్పుల పేచీ వచ్చింది. వంటింట్లోనే దేవుడి గూడు ఉంది, చెప్పులు విప్పి రమ్మంటారు అత్తయ్య. అతను వేసుకున్నవి లేసుల బూట్లు, భుజం మీద బండ. లోపల గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది. ఆ బరువుతో వంగి లేసులు విప్పమంటే ఎట్లా? కొన్నాళ్లు గుమ్మం దగ్గరే దింపించి నేనే దొర్లించుకుంటూ వెళ్లాను, టైల్ ఒకటి పగిలింది. ఇప్పుడు గ్యాస్ వచ్చే రోజు పాత దుప్పటి గుమ్మం నుంచి వంటింటి దాకా పరుస్తాం. అతను దాని మీద నడిచి వెళ్లి, దింపి, అదే దారిన వచ్చేస్తాడు. దుప్పటి దులిపి మడతపెట్టడం మా వాడి డ్యూటీ. ఒక మాట, బండ తూకం చూపించమని అడిగే హక్కు మనకుంది. మొహమాటపడకండి. అతన్ని అనుమానించినట్టేమీ కాదు.

డబ్బుల దగ్గర మాత్రం నేను గట్టిగానే ఉంటాను. నేను ఊళ్లో లేనప్పుడు అత్తయ్య పేరు మీదే ఒక పార్సిల్ వచ్చింది, క్యాష్ ఆన్ డెలివరీ 499 రూపాయలు. కోడలే తెప్పించి ఉంటుందనుకుని ఆవిడ పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చారు. విప్పితే రెండు నేల తుడిచే గుడ్డలు. ఎవరూ ఆర్డర్ పెట్టలేదు. తెచ్చిన అబ్బాయికి అందులో ఏముందో తెలిసే అవకాశం లేదు, అతన్ని తిట్టి లాభం లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే మాట: డబ్బు కట్టాల్సిన పార్సిల్ వస్తే, తెప్పించినవాళ్లు ఫోన్‌లో "అవును నాదే" అనేదాకా తీసుకోవద్దు. వాపసు పంపడానికి సిగ్గుపడక్కర్లేదు, అతనికి అది రోజూ ఉండేదే.

ఓటీపీ సంగతి ఇప్పుడందరికీ తెలుసు, వస్తువు చేతికొచ్చాకే చెప్పాలి. తక్కువమందికి తెలిసింది ఇంకోటుంది. "పార్సిల్ తెచ్చాను, అడ్రస్ దొరకట్లేదు, ఈ నంబర్ కొట్టండి" అని ఫోన్ చేసి *21* తో గానీ, *61*, *67* తో గానీ మొదలయ్యే నంబర్ చెప్తారు. అవి కాల్ ఫార్వర్డింగ్ కోడ్‌లు. కొడితే మన కాల్స్ అవతలివాడికి వెళ్తాయి, బ్యాంకు ఫోన్ చేసి చెప్పే ఓటీపీ కూడా. పొరపాటున కొట్టేస్తే వెంటనే ##002# కొట్టండి, ఫార్వర్డింగ్ అన్నీ పోతాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మా చెల్లికి ఈ ఫోన్ వచ్చింది. నిజంగా అడ్రస్ వెతుక్కునేవాడు దారి అడుగుతాడు గానీ కోడ్ చెప్పడు కదా అని అనుమానం వచ్చి పెట్టేసింది.

అదే చెల్లికి ఇంకో అనుభవం. పార్సిల్ ఇచ్చి వెళ్లిన మనిషి రాత్రి వాట్సాప్‌లో "హాయ్" అని పెట్టాడు. బ్లాక్ చేసి, స్క్రీన్‌షాట్ కంపెనీకి పంపింది. కొందరు "పోన్లే, ఉద్యోగం పోతుంది పాపం" అన్నారు. నాకైతే పాపం అనిపించలేదు. బాత్రూమ్ అడగడం అవసరం, ఇది అవసరం కాదు. డబ్బా పారేసే ముందు మీద అంటించిన పేరు, నంబర్ ఉన్న కాగితం చింపేయడం కూడా అలవాటు చేసుకోండి.

మనవైపు నుంచి కూడా కొన్ని ఉన్నాయి. మా ఆయన మొదట్లో తువ్వాలు చుట్టుకునే తలుపు తీసేవారు. ఒకసారి డెలివరీ ఫొటోలో పార్సిల్‌తో పాటు ఆయన బొజ్జ సగం పడింది. యాప్‌లో ఆ ఫొటో చూసి మేం నవ్వలేక చచ్చాం. అప్పటి నుంచి తలుపు వెనకాల ఒక చొక్కా వేలాడుతూ ఉంటుంది. పిల్లాడు పరిగెత్తి తలుపు తీయడం మాన్పించాం. మీకు కుక్క ఉంటే మాత్రం దయచేసి బెల్ మోగగానే గదిలో పెట్టి అప్పుడు తలుపు తీయండి. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ తెచ్చిన అబ్బాయి, కుక్క వెంటపడితే మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఇంకొకతను కుక్క మీదకొస్తుంటే పైనుంచి దూకి గాయపడ్డాడు. "మాది ఏమీ చేయదండీ" అని మనకి తెలుసు, అతనికి తెలియదు కదా.

ఇక ఎదురింటి పార్సిళ్లు. నేను మొదట్లో అన్నీ తీసుకునేదాన్ని. ఒక వేసవిలో పక్కింటావిడ తిరుపతి వెళ్లింది. ఆమె తమ్ముడు నూజివీడు నుంచి మామిడిపళ్ల పెట్టె పంపాడు. లోపల ఏముందో నాకు తెలియదు, మంచం కింద పెట్టాను. మూడో రోజుకి ఇల్లంతా వాసన, చీమల బారు. ఆమె వచ్చి చూసి, "కాస్త విప్పి చూడాల్సింది వదినా" అంది. విప్పి ఉంటే "మా పార్సిల్ ఎందుకు విప్పావు" అనేది, నాకు తెలియదా! ఇంకో ఫ్లాట్ వాళ్లు ఫోన్ తెప్పించుకుని, ఓటీపీ నాకు చెప్పి తీసుకోమన్నారు. సాయంత్రం విప్పి చూసి స్క్రీన్ మీద గీత ఉందన్నారు. నేను కింద పడేశానా, అట్లాగే వచ్చిందా? ఎవరూ నోరు తెరిచి అనలేదు గానీ వారం రోజులు లిఫ్ట్‌లో మాటల్లేవు.

ఆ తర్వాత మా ఫ్లోర్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. కోపంగా ఏమీ కాదు. "నాకు ముందు చెప్తే పార్సిల్ తీసుకుంటాను. డబ్బు కట్టాల్సినవి, ఓటీపీ కావాల్సినవి, తినేవి వద్దు. పన్నెండు నుంచి మూడు దాకా మీటింగుల్లో ఉంటాను, బెల్ కొట్టించొద్దు. రాత్రి తొమ్మిదిలోపు తీసుకెళ్లండి." ఒకావిడ రెండు రోజులు ముభావంగా ఉంది, తర్వాత సర్దుకుంది. మిగిలినవి కింద వాచ్‌మన్ దగ్గర పెడుతున్నారు. మీరూ ఇలాగే రాసి పెట్టండి. ఎదురుగా నిలబడి చెప్పబోతే మనకి నోరు పెగలదు, సరేనండీ అనేస్తాం.

ఇప్పుడు బాత్రూమ్. నన్నూ ఒకతను అడిగాడు, నేనూ కాదన్నాను, నాకూ మీలాగే అనిపించింది. మా సెల్లార్‌లో వాచ్‌మన్ గది పక్కన ఒక టాయిలెట్ ఉంది. డ్రైవర్ల కోసం బిల్డర్ కట్టింది, ఎప్పుడూ తాళమే. తీసి ఉంచుదాం అని మీటింగ్‌లో అడిగితే, పాడు చేస్తారని ఒకరు, నీళ్ల ట్యాంకర్ ఖర్చు ఎవరిస్తారని ఇంకొకరు. "మీ ఇంటికి రోజుకి ఎన్ని పార్సిళ్లు వస్తాయండీ?" అని మా అత్తయ్య అడిగేసరికి ట్యాంకర్ పెద్దమనిషి మాట్లాడలేదు. ఆయనదే బిల్డింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ. చివరికి నెలకి ఫ్లాట్‌కి ఇరవై రూపాయలు శుభ్రం చేసే మనిషికి కలిపి, పగలంతా తీసి ఉంచేట్టు తేల్చారు. ఇప్పుడు ఎవరైనా అడిగితే "కింద సెల్లార్‌లో, వాచ్‌మన్ గది పక్కన ఉంది తమ్ముడూ" అని చెప్తాను.

మీ బిల్డింగ్‌లో కూడా అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, ముందు తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. మాకు మూడు మీటింగులు పట్టింది.