బిట్‌కాయిన్ చిట్టాలో పాత పద్దును ఎందుకు దిద్దలేరు?

బ్యాంకు ప్రమేయం లేకుండా బిట్‌కాయిన్ చేతులు మారుతుంటే, పాత పద్దులను ఎవరూ దిద్దకుండా ఆపేదేమిటన్నది ప్రశ్న. 2009 జనవరి 3న మొదలైన ఈ చిట్టా నకళ్ళు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. సుమారు 10 నిమిషాలకొకసారి కొత్త లావాదేవీలను ఒక బ్లాకుగా కూర్చి, అందులో ముందటి బ్లాకు హ్యాష్‌ను, అంటే వేలిముద్ర వంటి 64 అంకెలు, అక్షరాల గుర్తును చేరుస్తారు. పాత బ్లాకులో ఒక్క అంకె మార్చినా దాని హ్యాష్ పూర్తిగా మారిపోయి, తరువాతి బ్లాకుతో లంకె తెగిపోతుంది. అక్కడి నుంచి బ్లాకులన్నింటినీ మళ్ళీ తయారుచేసి అసలు గొలుసును దాటాలంటే, మిగతా మైనర్లందరినీ, అంటే కంప్యూటర్లతో భారీ లెక్కలు చేసి బ్లాకులు తయారుచేసేవారందరినీ మించిన కంప్యూటర్ శక్తి, అందుకు తగ్గ విద్యుత్తు కావాలి. అంత ఖర్చు పెట్టగలవారికి, 2024 ఏప్రిల్ నుంచి బ్లాకుకు దక్కుతున్న 3.125 బిట్‌కాయిన్ల కోసం సక్రమంగా మైనింగ్ చేసుకోవడమే గిట్టుబాటు. ఈ భద్రత చిట్టాకే గాని, పోగొట్టుకున్న ప్రైవేట్ కీకి, అంటే బిట్‌కాయిన్లను ఖర్చు పెట్టడానికి కావలసిన రహస్య సంకేతానికి వర్తించదు.