చెరువులో వేటకు చదును అడుగు పడవే కొనండి

భార్యాపిల్లలతో, ముసలి తల్లితో ఆదివారాలు చేపల వేటకు వెళ్ళాలి, ఎలాంటి అడుగున్న పడవ ఊగకుండా ఉంటుందని అడిగారు. చదును అడుగు, వెడల్పాటి పడవ. ఇంకెవరేం చెప్పినా వినకండి. నేను విని చెడ్డాను.

మాది నర్సంపేట దగ్గర పల్లె. మూడేళ్ళ క్రితం మా బావమరిది కాకినాడ వైపు నుంచి పాత ఫైబర్ పడవ ఒకటి లారీలో వేయించుకొచ్చాడు. అడుగు V అక్షరంలా కోసుగా, ముక్కు కత్తిలా ఉంటుంది. అలలను చీల్చుకుంటూ పోతుందని అమ్మినవాడు చెప్పాడట. మా చెరువులో అలలెక్కడివి? కోసు అడుగు పరుగులో ఉంటేనే కుదురుగా ఉంటుంది, ఆగిందంటే ఇటూ అటూ దొర్లుతుంది. గాలం వేయడమంటేనే ఆగి కూర్చోవడం కదా!

పాకాల చెరువు మాకు పక్కనే అయినా అది అభయారణ్యం, అక్కడ ఆశ పెట్టుకోకూడదు. మత్స్య సహకార సంఘం వాళ్ళను అడిగి మా ఊరి చెరువులోనే దిగాం. మా అమ్మ అంచు మీద కాలు పెట్టగానే పడవ ఆమె మీదికి ఒరిగింది. అప్పుడే వెనక్కి వచ్చేయాల్సింది. నడి చెరువులో మా చిన్నవాడి బెండు మునిగింది. "నాన్నా, పడింది!" అంటూ లేచి నిలబడ్డాడు. చూద్దామని నా భార్య అటే వంగింది, వాడి చొక్కా పట్టుకోబోయి నేనూ అటే జరిగాను. అంచుకూ నీళ్ళకూ మధ్య బెత్తెడే మిగిలింది. పులిహోర టిఫిను జారి నీళ్ళలో పడి మూత ఊడింది. పసుపు మెతుకుల చుట్టూ చేపపిల్లలు ముసురుకున్నాయి. గాలానికి పడిన బొచ్చె చేప దారం తెంపుకుని పోయింది. అమ్మ కళ్ళు మూసుకుని ఐనవోలు మల్లన్నకు మొక్కుతోంది. బావమరిది ఒడ్డున నిలబడి ఫోటోలు తీస్తున్నాడు. లైఫ్ జాకెట్లు నాలుగూ కవరు విప్పకుండా ఇంట్లో అటక మీద ఉన్నాయి. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఇప్పుడున్నది 12 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, చదును అడుగు. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క వెడల్పంతా నీళ్ళను నొక్కుతుంది, నీళ్ళు దాన్ని తిరిగి పైకి నెడతాయి. అందరూ పొడవు చూసి మురుస్తారు, వెడల్పు కొలిచేవాడు ఒక్కడూ ఉండడు. కూర్చునే చోటు మోకాలి ఎత్తున, వీపుకు ఆనుడుతో ఉండాలి. మా అమ్మ ఇప్పుడు అందులో కునుకు కూడా తీస్తోంది.

లోయర్ మానేరు, శ్రీరాంసాగర్ లాంటి పెద్ద జలాశయాల్లో గాలి లేస్తే మాత్రం చదును అడుగు అలల మీద దబదబ కొట్టుకుంటుంది, నడుము పడిపోతుంది. అక్కడికి పక్కపక్కనే రెండు పడవ అడుగులు జంటగా కలిపి ఉండే కాటమరాన్ రకం మేలు. ఖరీదు మాత్రం ఎక్కువే.

పాత పడవ మా పెరట్లో బోర్లించి ఉంది, కింద కోళ్ళు పడుకుంటున్నాయి. బావమరిది ఇంకా దానికి గిరాకీ వెతుకుతున్నాడు. మీకు ఫోను చేస్తే ఎత్తకండి.