సిబిల్ స్కోరు పడిపోయినవారికి ప్రీపెయిడ్ కార్డు ఇస్తారా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. కుట్టుమిషన్ అప్పు వాయిదాలు తప్పి నా సిబిల్ స్కోరు (అప్పులు సరిగా కడుతున్నామో లేదో బ్యాంకులకు చూపే అంకె) 560కి పడిపోయింది. స్కోరు లేకపోయినా ప్రీపెయిడ్ కార్డు ఇప్పిస్తానంటూ ఒకాయన 1,500 రూపాయలు ముందుగా అడుగుతున్నారు. ఇవ్వవచ్చునా? - ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: దయచేసి ఇవ్వకండమ్మా. ప్రీపెయిడ్ కార్డులో మీరు ముందుగా వేసుకున్న సొమ్మునే ఖర్చు చేస్తారు కనుక అది అప్పు కాదు, అప్పు కానప్పుడు స్కోరుతో పనీ లేదు. మధ్యవర్తి సిఫారసు అంతకన్నా అక్కరలేదు. కార్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించే పేరును నమ్మకుండా, వెనుకవైపు సన్నని అక్షరాల్లో ఉండే జారీదారు పేరు చూసి, అది బ్యాంకేనా, లేక రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోని అనుమతి పొందిన సంస్థల జాబితాలో ఉన్నదా అని సరిచూసుకోండి. జారీ రుసుము, ఏడాది రుసుము, సొమ్ము వేసినప్పుడు పట్టుకునే రుసుము ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పవద్దు. ఫిర్యాదుకు జారీదారు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను (ఫిర్యాదులు పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు, వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయండి.

అయితే ఈ కార్డు ఎంత వాడినా స్కోరు పెరగదు. స్కోరు పెరగాలన్నదే మీ కోరికైతే, మీ బ్యాంకులో చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద క్రెడిట్ కార్డు ఇస్తారేమో అడిగి, పాత బాకీ తీరుస్తూ, ప్రతి బిల్లూ గడువులోగా పూర్తిగా కట్టండి.