ట్రామా థెరపిస్ట్ కావాలంటే ఏం చదవాలి?

మీ చెల్లి విజయవాడలో బీఏ సైకాలజీ చదువుతోంది, ట్రామా థెరపీలోకి, అంటే విపత్తులు, ప్రమాదాలు మనసుకు చేసిన గాయాన్ని మాన్పే చికిత్సలోకి వెళ్లాలంటే దారేంటి అన్నారు కదా. మామూలు సైకాలజీ ఎమ్మేతో ఆగితే సరిపోదండి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి. ఆ తర్వాత ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల బాధ తగ్గించే పద్ధతి), ట్రామా కోసం ఉన్న సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే చికిత్స) నేర్చుకోవాలి; పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్యకి, ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫార్సు చేసింది.

2024 సెప్టెంబర్‌లో విజయవాడకు బుడమేరు వాగు వరద వచ్చాక, సింగ్ నగర్‌లో మా పిన్ని వసారా రేకుల మీద చినుకు పడితే చాలు, అర్ధరాత్రి లేచి పిల్లల సర్టిఫికెట్ల సంచి అటక మీద పెట్టేది. అలాంటి మనిషిని "ఆ రోజేం జరిగింది" అని తొందరపెట్టకుండా, ముందు నిద్ర, ఊపిరి కుదుటపడేలా చూడటం పుస్తకం చదివితే రాదు, సీనియర్ దగ్గరుండి సరిదిద్దాలి. జూనియర్లకు అలా నేర్పేవాళ్లు మన దగ్గర ఇంకా కావాలి, కాబట్టి మీ చెల్లి కొన్నేళ్లు ప్రాక్టీస్ చేశాక ట్రైనింగ్ వైపు తప్పకుండా రావాలి.