గుండె కోలుకోవచ్చు, ఫ్లాట్ మాత్రం అమ్మకండి

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మావారికి 46 ఏళ్లు, పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం. గుండె కండరం బాగా బలహీనపడింది, ఎల్‌వ్యాడ్ (గుండె బదులు రక్తం తోసే యంత్రం) పంపు పెట్టాలన్నారు. ఎస్టిమేట్ 95 లక్షలు. ఆనందపురం స్థలానికి 55 లక్షలు వస్తాయి. ఎఫ్‌డీలు 22 లక్షలు, కంపెనీ ఇన్సూరెన్స్ 5 లక్షలు ఉన్నాయి. నేను ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ని, జీతం 65 వేలు. కొందరికి కండరం కోలుకుని పంపు తీసేస్తారట. ఆ ధైర్యంతో ఫ్లాట్ కూడా అమ్మేసి రెండేళ్లు అద్దెకుందామా?

జవాబు: అమ్మా, మీ ఆశకు ఆధారం ఉంది. రక్తం తోసే పని పంపు తీసుకోవడంతో ఎడమ జఠరికకు, అంటే గుండె కింది ఎడమ గదికి, విశ్రాంతి దొరుకుతుంది. అలా కోలుకున్న గుండెల్లో కొత్త కండర కణాలు ఆరోగ్యవంతుల కంటే ఆరు రెట్లకు పైగా వేగంగా పుట్టాయని 2024లో ఒక పరిశోధన చూపించింది. అంతకుముందు అమెరికాలో 40 మందికి పంపుతో పాటు మందులు గట్టి డోసులో ఇస్తే, 16 మందికి 18 నెలల్లోపే పంపు తీసేయగలిగారు. అయితే వాళ్లంతా ఏరి తీసుకున్న పేషెంట్లు. గుండెపోటు వల్ల కండరం దెబ్బతిన్నవాళ్లు అందులో లేరు. పంపు పెట్టించుకున్న అందరినీ లెక్కేస్తే, కోలుకుని తీయించుకునేది నూటికి ఒకరిద్దరే.

అందుకే పంపు ఏళ్ల తరబడి ఉంటుందనుకునే డబ్బు లెక్క వేద్దాం. కోలుకుంటే అంతకంటే కావలసిందేముంది!

స్థలం, ఎఫ్‌డీలు, ఇన్సూరెన్స్ కలిపి 82 లక్షలు. ఫ్లాట్ మీద 25 లక్షల మార్ట్‌గేజ్ లోన్ తీసుకోండి. 10 శాతం వడ్డీకి 15 ఏళ్లయితే ఈఎంఐ దాదాపు 27 వేలు. మీ జీతంలో కష్టమే, కానీ కట్టగలరు. ఆసుపత్రికి కట్టగా 12 లక్షలు మిగులుతాయి. అది ఇంకే అవసరానికైనా సరే కదపకండి. రక్తం పలచన చేసే మందులు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే) పరీక్షలు, పొట్ట దగ్గర పంపు వైరు బయటికొచ్చే చోట డ్రెస్సింగ్, కొన్నాళ్లకు కొత్త బ్యాటరీలు... ఇవేవీ ఆ ఎస్టిమేట్‌లో ఉండకపోవచ్చు.

ఫ్లాట్ ఉంచమనడానికి ఇంకో కారణం కరెంటు. రాత్రి నిద్రలో పంపును గోడ ప్లగ్గుకే కలుపుతారు. మంచం పక్కన ఎర్తింగ్ సరిగ్గా ఉన్న త్రీ పిన్ సాకెట్, పెద్ద ఇన్వర్టర్ కావాలి. అద్దె ఇంట్లో ప్రతిదానికీ ఓనర్‌ని అడగాలి. హార్ట్‌మేట్ 3 అనే రకం ఎల్‌వ్యాడ్ పంపుకు నిండా ఛార్జయిన బ్యాటరీల జత గరిష్ఠంగా 17 గంటలు వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకటి గుర్తుంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మావారు ఎలాగూ వెళ్లలేరు కదా అని రాజీనామా మాత్రం చేయించకండి. ఉద్యోగంతో పాటే గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది. జీతం లేని సెలవైనా పెట్టించి, ఆ సెలవులో పాలసీ కొనసాగుతుందని హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. గుండె మార్పిడికి జీవన్‌దాన్‌లో (రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకంలో) పేరు నమోదు చేయొచ్చేమో కూడా డాక్టరుగారిని అడగండి.

స్థలానికి అడ్వాన్స్ తీసుకునే ముందు డాక్టరుగారినే ఇంకో రెండు మాటలు అడగండి: కండరం దెబ్బతిన్నది రక్తనాళాల పూడిక వల్లనా, వేరే కారణమా? పంపు పెట్టాక కోలుకునే మందులు పూర్తి డోసులో ఇచ్చి, మధ్యమధ్యలో పంపు వేగం తగ్గించి గుండెను పరీక్షిస్తారా? ఆ జవాబులు నాకు రాయండి. లోన్ ఎన్నేళ్లకు పెట్టుకోవాలో అప్పుడు మళ్లీ లెక్క చూద్దాం.